నార్సింగి నుంచి డాలస్‌కు ఇల్లు మారే కుటుంబానికి

గండిపేట మండలంలోని నార్సింగి ఒకప్పుడు మూసీ పక్కన పొలాలున్న ఊరు. ఔటర్ రింగ్ రోడ్డు, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వచ్చాక అది టవర్ల ఊరైంది. ఆ టవర్లలో కాపురముంటున్నవాళ్లలో చాలామంది కరీంనగర్ నుంచో గుంటూరు నుంచో ఒకసారి ఇల్లు కదిలి వచ్చినవాళ్లే. ఆ కదలికలో మనుషులు దూరం కాలేదు. అమ్మానాన్నలు రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి గుమ్మంలో ఉంటారు, పనిమనిషి, ఇస్త్రీ అతను, వాచ్‌మన్ వారంలో కుదురుతారు, సామానంతా ఒక్క లారీలో వచ్చేస్తుంది. డాలస్ వెళ్లేటప్పుడు లెక్క తిరగబడుతుంది. సామాను ఇక్కడే ఉండిపోతుంది, మనుషులూ దూరమైపోతారు, అక్కడ చేతికి మొదట దొరికేది ఒక అడ్రస్ మాత్రమే. బడి, లైసెన్సు, వీసా నిబంధనలు అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. కాబట్టి సామాను సర్దడానికి పెట్టే శ్రద్ధలో సగమైనా ఆ అడ్రస్ మీద పెట్టడం మేలు.

వీసా దశ నార్సింగి వాళ్లకు దూరాభారం కాదు. అమెరికా కాన్సులేట్ 2023 మార్చిలో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రాంగూడకు మారింది. ఇంకోవైపు, గండిపేట చెరువు దాటితే వీసా మొక్కులు అందుకునే చిలుకూరు బాలాజీ ఉన్నాడు. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. ఆ నూట ఎనిమిదీ ప్రయాణానికి ముందే పూర్తి చేయడం మంచిదని పెద్దలు పట్టుబడతారు. అక్కడికెళ్లాక మళ్లీ ఎప్పుడొస్తారో తెలియదు కదా!

ఫ్లాటు సంగతి ముందే తేల్చుకోవాలి. అద్దె ఇల్లయితే గ్యాస్ కనెక్షన్ డీలరుకు అప్పగించి టర్మినేషన్ వోచర్ తీసుకుంటే కట్టిన డిపాజిట్ తిరిగొస్తుంది. సొంత ఫ్లాటును అద్దెకిచ్చి వెళ్లేవాళ్లు మరచిపోయేది వేరే ఉంది. యజమాని ఎన్నారై అయ్యాక అద్దె ఎంత తక్కువైనా కిరాయిదారు అందులో పన్ను కోసి ప్రభుత్వానికి కట్టాలి. అది సెస్సుతో కలిపి సుమారు 31 శాతం. అగ్రిమెంట్‌లో ఈ ముక్క రాయకపోతే ఏడాది తిరిగేసరికి ఇద్దరికీ నోటీసుల తలనొప్పే. మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్చడం కూడా ఐచ్ఛికం కాదు, విదేశీ మారక చట్టం ఫెమా నిబంధన. ఊళ్లో ఉండే తండ్రికో అన్నకో పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి వెళితే ఫ్లాటు పనులు ఆగవు.

పెట్టెల్లో ఆవకాయకు అడ్డులేదు గానీ చికెన్, మటన్ పచ్చళ్లు అమెరికా కస్టమ్స్‌లో ఆగిపోతాయి. పచ్చి కరివేపాకూ వద్దు. నిమ్మ, నారింజ తోటలకు తెగులు మోసే పురుగు ఆ ఆకు మీద బతుకుతుందని అక్కడ దాని మీద ఆంక్ష. తిండి సామాన్లు ఏవున్నా కస్టమ్స్ వాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పాలి. పెట్టెలో చోటు కావాల్సింది కాగితాలకు: పిల్లల టీకాల రికార్డు, బడి టీసీ, జనన, వివాహ ధ్రువపత్రాలు. టెక్సాస్ కిండర్‌గార్టెన్‌లో చేరాలంటే ఆటలమ్మ టీకా, హెపటైటిస్-ఎ టీకా రెండేసి డోసులు పడి ఉండాలి. ఈ రెండూ మన ప్రభుత్వ టీకాల పట్టికలో లేవు. ప్రైవేటు డాక్టరు దగ్గర వేయించి ఉంటే ఆ చీటీ, లేకపోతే ఆ టీకాలు ఇక్కడే వేయించుకుని వెళ్లడం తేలిక.

డాలస్ ప్రాంతంలో తెలుగువాళ్లు మొదట దిగేది ఎక్కువగా ఇర్వింగ్, ప్లానో, ఫ్రిస్కో వైపు. అపార్ట్‌మెంట్ ఇవ్వడానికి లీజింగ్ ఆఫీసు అడిగేది జీతం, క్రెడిట్ స్కోరు. కొత్తగా వచ్చినవాళ్లకు స్కోరు ఉండదు కనుక ఆఫర్ లెటర్ చూపించి, కొంత ఎక్కువ డిపాజిట్ కట్టి నెట్టుకొస్తారు. డిపెండెంట్ వీసా హెచ్-4 మీద వచ్చిన భార్యకో భర్తకో పని అనుమతి లేకపోతే సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు. అందుకని లీజు ఒక్కరి పేరునే రాసేస్తారు. ఇది సరిదిద్దుకోవాల్సిన అలవాటు. టెక్సాస్‌లో డ్రైవింగ్ లైసెన్సుకు నివాసం చూపే ఆధారాలు రెండు కావాలి. లీజులోనూ ఏదో ఒక బిల్లులోనూ పేరు లేని మనిషికి అవి ఎక్కడి నుంచి వస్తాయి? లైసెన్సు లేకపోతే కూరగాయలకు వెళ్లాలన్నా ఇంకొకరి తీరిక కోసం చూడాలి. మెట్రో, ఆటో అలవాటైన మనిషికి ఆ ఎదురుచూపే మొదటి ఏడాది పెద్ద కష్టం.

బడి కూడా ఇంటి నంబరును బట్టే. ప్రభుత్వ బడులు ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్టుల కింద ఉంటాయి, వాటి సరిహద్దులు ఊరి సరిహద్దులతో కలవవు. ఇర్వింగ్‌లోని వ్యాలీ రాంచ్‌లో కొంత భాగం కాపెల్ డిస్ట్రిక్ట్‌లోకి వస్తుంది. రెండు వీధులు అటు మారితే బడే మారిపోవచ్చు. సంతకానికి ముందు ఆ అడ్రస్‌కు ఏ బడి వస్తుందో డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లోనే చూసుకోవాలి, లీజింగ్ ఆఫీసు మాట నమ్మి కాదు. కిండర్‌గార్టెన్‌కు సెప్టెంబరు 1 నాటికి బిడ్డకు అయిదేళ్లు నిండాలి. బడులు ఆగస్టులో తెరుస్తారు.

ఈ ఆగస్టు లెక్కే మన పంచాంగంతో గొడవ పడుతుంది. బడి సెలవుల్లో ఇల్లు మారుదామంటే సాధారణంగా జూన్ ఆఖరు, జులైలలో ఆషాఢం వచ్చి కూర్చుంటుంది. గృహప్రవేశ ముహూర్తాలు ఉండవు. అద్దె ఇంటికి పూర్తి గృహప్రవేశం అక్కర్లేదు, పాలు పొంగిస్తే చాలని చాలామంది పురోహితులు చెబుతారు. పట్టింపున్నవాళ్లు జ్యేష్ఠంలోనే తాళాలు తీసుకుని, పాలు పొంగించి, దేవుడి పటం, ఉప్పు, పప్పు, బియ్యం లోపల పెట్టి, సామాను తర్వాత చేరవేస్తారు. ముహూర్తం మాత్రం డాలస్ లెక్కనే చూడాలి. ఎండాకాలంలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది, తిథి ముగిసే వేళ అక్కడి గడియారానికి వేరు. నార్సింగి నుంచి అమ్మ ఫోన్లో చెప్పిన టైమును అలాగే పట్టుకుంటే తిథి దాటిపోవచ్చు. ఇర్వింగ్‌లోని ఏక్తా మందిర్, ఫ్రిస్కోలోని కార్యసిద్ధి హనుమాన్ ఆలయం లాంటి చోట్ల అడిగితే స్థానిక సమయం చెబుతారు.

హోమం సంగతి వేరు. అపార్ట్‌మెంట్ పైకప్పుకు పొగ పసిగట్టే అలారం ఉంటుంది. సమిధలు అంటుకున్న కాసేపటికి అది మోగితే భవనం మొత్తం కిందికి దిగాల్సి రావచ్చు, ఫైరింజన్ కూడా రావచ్చు. అద్దె ఇంట్లో హోమం మానుకుని గుడిలో చేయించుకోవడమే తెలివైన పని. పాల గిన్నె విషయంలోనూ జాగ్రత్త కావాలి. చాలా అపార్ట్‌మెంట్లలో కరెంటు పొయ్యే. గ్యాస్ మంటలా తగ్గించగానే వేడి తగ్గదు. పొంగిన పాలు కాయిల్ మీద పడి మాడితే ఆ వాసన వారం పోదు. చిన్న గిన్నెలో కాసిని పాలు పోసి, పొంగు అంచు దాటుతుండగానే గిన్నె పక్కకు దించితే సరిపోతుంది.

ఇల్లు నిలదొక్కుకున్నాక అసలు లోటు తెలిసేది పనిలో. నార్సింగిలో అంట్లు తోమేది ఒకరు, కారు కడిగేది ఒకరు, సాయంత్రం పిల్లను ఆడించేది అమ్మమ్మ. అక్కడ ఆ పనులన్నీ ఇద్దరి మీదే. ఎవరు ఏది చేయాలో మొదటి నెలలోనే మాట్లాడుకోని ఇళ్లలో ఆ భారం నోరు తెరవకుండా ఆడవాళ్ల మీదకే జారుతుంది. పురుడుకు తల్లి వస్తుంది, కానీ విజిటర్ వీసా మీద ఒక్కో రాకకు ఇచ్చే గడువు సాధారణంగా ఆరు నెలలే. వీసా స్టాంపు పదేళ్లున్నా లెక్కలోకి వచ్చేది దేశంలోకి వచ్చినప్పుడు నమోదయ్యే ఐ-94లోని తేదీ. అత్త ముందా అమ్మ ముందా అన్నది ఆ తేదీలతోనే తేల్చుకోవాలి. తోడు కావాలంటే 1986 నుంచి ఉన్న ఉత్తర టెక్సాస్ తెలుగు సంఘం టాంటెక్స్ ఉంది. పిల్లల తెలుగుకు 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి ఉంది. కొత్తవాళ్లకు గుడిలో వరసల కంటే మనబడి బయట పిల్లల కోసం ఎదురుచూసే చోటే స్నేహాలు త్వరగా కుదురుతాయి.

ఏడాది లీజు ముగిశాక చాలామంది మళ్లీ మారతారు. మారిన 10 రోజుల్లో ఇమిగ్రేషన్ శాఖకు ఏఆర్-11 ఫారం ద్వారా కొత్త అడ్రస్ చెప్పాలి. ఇది పౌరసత్వం లేనివాళ్లలో దాదాపు అందరికీ, పిల్లలతో సహా. లైసెన్సు మీద అడ్రస్ మార్పుకు టెక్సాస్ ఇచ్చే గడువు 30 రోజులు. ఇర్వింగ్ నుంచి ఫ్రిస్కోకు మారితే ఉద్యోగ వీసా హెచ్-1బీకి ఇబ్బంది లేదు, రెండూ ఒకే మెట్రో ప్రాంతం. ఇంటి నుంచే పని కదా అని ఆస్టిన్‌కు మారితే మాత్రం కంపెనీ ముందుగా పిటిషన్ సవరించాలి. 2015 నుంచి ఇదే నిబంధన.

ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ విషయంలో టెక్సాస్ చట్టం కిరాయిదారు వైపే ఉంది. ఇల్లు అప్పగించిన 30 రోజుల్లో డబ్బు తిరిగివ్వాలి, వాడకంతో వచ్చే మామూలు అరుగుదలకు కోత పెట్టకూడదు. అయితే కొత్త అడ్రస్‌ను రాతపూర్వకంగా ఇచ్చేదాకా ఓనరు చెల్లించక్కర్లేదు. చేరిన రెండు మూడు రోజుల్లోనే వంటింటి గట్టు, కార్పెట్, పొయ్యి మీది చిమ్నీ ఫొటోలు తీసి, ఆఫీసువాళ్లు ఇచ్చిన ఫారంలో ఉన్న మచ్చలన్నీ రాసి ఇవ్వాలి. పోపు జిడ్డు, పసుపు మరకలు ఎవరి కాలానివో చివరికి తేల్చేది ఆ ఫారమే.