గాలివాన వెలిసిన పిదప: పంచాయతీ విధి, మన విధి

2014 అక్టోబరు 12 వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరమును దాటెను. నగరమున వేలకొలది వృక్షములు నేలకొరిగెను. విద్యుత్ స్తంభములు విరిగెను. ఉక్కు కర్మాగారమున పని నిలిచెను. చుట్టుప్రక్కల గ్రామములలో కొబ్బరి, జీడిమామిడి, అరటి తోటలు కూలెను. గాలి ఒక్క దినములో తగ్గెను. పడినవానిని తొలగించుటకు మాత్రము చాల దినములు పట్టెను. అందుండి మన గ్రామములు నేర్వవలసిన పాఠమును ఇచట వివరించెదము.

తుపాను వెలిసిన మఱునాడు పుట్టు ప్రశ్న యొకటే: ఈ చెత్త తీయవలసినవా రెవరు? ఒకరిపై నొకరు భారము మోపి యూరకున్నచో చెడునది గ్రామమే.

పంచాయతీ విధి: 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము ప్రకారము వీధులను శుభ్రపఱచుట, మురుగు కాలువలను బాగుచేయించుట, చెత్తకుప్పలను తొలగించుట గ్రామ పంచాయతీ పనులు. నగరమున నివి నగరపాలక సంస్థకు చెందును. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము స్థానిక సంస్థలకు సహాయ, పునరావాస కార్యములలోను బాధ్యత నిడినది. కావున వీధిలో పడిన చెట్టును తీయింపుడని కోరుట యాచన కాదు, హక్కు.

మన విధి: ఇల్లు, దొడ్డి, పశువులశాల, చేను మనవి. అందలి చెత్తను కాలువలో త్రోయరాదు, వీధిలో తగులబెట్టరాదు. ఆకును, అరటిబోదెను గోతిలో వేసినచో ఎరువగును. కొబ్బరిచిప్పలలో, పాత టైర్లలో నిలిచిన నీటిని వారమున కొకమాఱైన పాఱబోయవలెను. దోమ గ్రుడ్డు పెరిగి దోమ యగుటకు ఏడు మొదలు పది దినములు చాలును.

తెగిన విద్యుత్ తీగను, దానిపై పడిన కొమ్మను ఎవరును తాకరాదు. 1912 సంఖ్యకు ఫోను చేసి, ఉద్యోగులు వచ్చువఱకు అచట కాపలా నుంచవలెను. తుపాను నడుమ గాలి ఒక్కసారిగా నిలిచినను పనికి వెడలరాదు. అది తుపాను కన్ను కావచ్చును, పిదప గాలి ఎదురు దిక్కునుండి వీచును.

నష్టము వ్రాయకముందే చెట్టును తొలగించినచో పరిహారము పోవునని రైతు జంకుట సహజము. పేదకు ఆ సొమ్ము చిన్నది కాదు. అయినను కాలువ కడ్డముగా పడిన చెట్టు ఆగరాదు. నీరు నిలిచి పొరుగువాని చేను కూడ మునుగును. అట్టి చెట్టును సెల్‌ఫోనుతో ఫొటో తీసి, సర్వే నంబరును వ్రాసి, ఇరుగుపొరుగువారిని సాక్షులుగా నుంచి, గ్రామోద్యోగులకు తెలిపి వెంటనే తొలగింపుడు. తోటలో పడినవి లెక్క ముగియువఱకు ఉండవచ్చును.

త్రాగునీటి నూతిని మఱువరాదు. సాధారణముగా 1,000 లీటర్ల నీటికి సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగు పొడి వలయును. కలిపిన గంటకు గాని నీరు తోడరాదు. వఱదనీరు చేరిన నూతికి ఈ మోతాదు చాలదు. ఆరోగ్య కార్యకర్తచే పరీక్షింపించి, కాచిన నీటినే త్రాగవలెను.

సహకార సంఘములు ఆశ్వయుజమునకు ముందే రంపములు, గొడ్డళ్లు, మోకులు, బ్లీచింగు పొడి సమకూర్చి, ఏ వీధికి ఎవరు పోవలెనో నిర్ణయించుట మేలు. రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులు ఈ విషయమును చర్చింతురుగాక.