ఆన్‌లైను అంగడికి కావలి



పంట పండించుట యొక విద్య. పండినదానిని నష్టపోక యమ్ముకొనుట వేరొక విద్య. మొదటిదానిని మనము తాతముత్తాతల నుండి నేర్చితిమి. రెండవదానియందు ఆన్‌లైను అంగడి యనునది మనకు క్రొత్త. మామిడి, పసుపు, మిరప, బెల్లము మొదలగు సరకులను దళారి చేతికి పోనీయక, కొనువారి యింటికే నేరుగా పంపుటకు సహకార సంఘములును, రైతు ఉత్పత్తిదారుల సంఘములును ఇట్టి యంగళ్లను తెరచుచున్నవి. మార్గము మేలైనదే. కాని చేని చుట్టును కంచె నాటి, రాత్రివేళ మంచెపై మేలుకొని యుండు రైతు, ఈ యంగడి తలుపును మాత్రము తెరచి యుంచి నిద్రించుచున్నాడు. ఆ తలుపును మూయు విధమే ఈ నెల పాఠము.

నేను చేసిన తప్పు

ముందుగా నా తప్పు నొకదానిని చెప్పుకొందును. ఒక వేసవిలో నేను పనిచేయుచుండిన మండలమందలి సంఘమునకు దూరపు పట్టణము నుండి యొకడు ఫోను చేసి, వివాహమునకై 40 పెట్టెల బంగినపల్లి పండ్లు కావలెననియు, సాయంకాలపు లారీకే యెత్తించవలెననియు కోరెను. సొమ్ము చెల్లించినట్లు బ్యాంకు రసీదు వంటి బొమ్మ నొకదానిని వాట్సాపులో పంపెను. గుమాస్తా కుర్రవాడు, "అయ్యా, ఖాతాలో సొమ్ము ఇంకా పడలేదండి, కొంచెము ఆగుదాము" అనెను. పండ్లు మెత్తబడునను భయముతో నేనే, "రసీదు వచ్చినది కదా, ఎత్తించు" మంటిని. పెట్టెలు పోయెను. సొమ్ము రాలేదు. మరునాటి నుండి ఆ ఫోను పలుకలేదు.

ఆ పండ్లు అయిదుగురు చిన్న రైతులవి. వారిలో నొక వితంతువు తన కౌలు బాకీని ఆ సొమ్ముతోనే తీర్చుకొనవలసి యుండెను. నా జీతము నుండి కొంతయు, సంఘపు నిధి నుండి కొంతయు నిచ్చి వారికి చెల్లించితిమి. కుర్రవాని మాట సరియైనది; పెద్దవాడనని నా మాట చెల్లినది. మోసగాని చేతి పనిముట్టు మన తొందరయేయని ఆ నాడు తెలిసికొంటిని. తొందర వేళ తోచిన ఆలోచన నిలువదు; ముందుగా వ్రాసిపెట్టుకొన్న నియమమే నిలుచును.

1. సొమ్ము ముట్టినదని యెప్పుడు నమ్మవలెను?

బొమ్మ రసీదు కాదు. ఫోనుకు వచ్చు "జమ అయినది" అను సందేశమును గూడ ఎవరైనను కల్పించి పంపగలరు. మన ఖాతాను మనమే తెరచి చూడగా కనబడినదే సొమ్ము. ఒకరు ఖాతాను చూచి సంతకము చేయనిదే వేరొకరు సరకు నెత్తింపరాదు. అధ్యక్షుడు చెప్పినను, డిమాన్‌స్ట్రేటరు చెప్పినను ఈ నియమము సడలరాదు.

యూపీఐలో సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు, పంపుటకే కావలెను. "సొమ్ము పంపుచున్నాను, ఈ క్యూఆర్ కోడును స్కాను చేసి పిన్ నొక్కుడు" అనువాడు మన సొమ్మును లాగుకొనువాడే. వ్యక్తులొకరి నొకరు సొమ్మడుగు "కలెక్టు" పద్ధతి 2025 అక్టోబరు 1 నుండి నిలిపివేయబడినది గాని, క్యూఆర్ మోసము నిలువలేదు.

"పొరపాటున ఎక్కువ పంపితిని, తిరిగి పంపుడు" అనువాని విషయమునను ఖాతాను చూడవలెను. నిజముగా ఎక్కువ వచ్చియున్నచో వచ్చిన దారినే వాపసు చేయవలెను. వాడు చెప్పు వేరొక ఖాతాకు పంపరాదు.

2. తక్కెడ మనదిగా నుండవలెను

కొనువాని తక్కెడలో మన మిరపను తూచనిత్తుమా? అట్లే కొనువాని కంప్యూటరు నుండి వచ్చు ధరను నమ్మరాదు. నేర్పరియగు మోసగాడు ఆ లెక్కను దారిలో మార్చి, 1000 రూపాయల సరకునకు 10 రూపాయలు చెల్లింపగలడు. వెలను మన సర్వరే తిరిగి లెక్కకట్టవలెను. చెల్లింపు సంస్థ పంపు వార్తపై డిజిటలు ముద్రను సరిచూడవలెను. వెబ్‌సైటు కట్టి యిచ్చువానిని ఈ రెండును చేసితివాయని అడుగుడు.

కార్డు సంఖ్యలను మన యొద్ద నుంచుకొనరాదు. 2022 అక్టోబరు 1 నుండి రిజర్వు బ్యాంకు నియమమును ఇదియే. దాచకున్నను చాలదు. 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమాన సంస్థ వెబ్‌సైటులో దొంగలు కొన్ని పంక్తుల ప్రోగ్రామును చొప్పించి, కొనువారు టైపు చేయుచుండగనే కార్డు వివరములను కాజేసిరి. 2020లో ఆ సంస్థకు 2 కోట్ల పౌండ్ల జరిమానా పడెను. కావున సాఫ్ట్‌వేరుకు క్రొత్త సవరణలు వచ్చిన వెంటనే వేయింపవలెను. చెల్లింపు పనిని గుర్తింపు గల సంస్థకే అప్పగింపవలెను.

3. తాళపుచెవులు

హైదరాబాదులోని ఏ.పి. మహేశ్ సహకార పట్టణ బ్యాంకు నుండి 2022 జనవరిలో 12 కోట్ల రూపాయలకు పైగా సొమ్మును దొంగలు కంప్యూటరు ద్వారా తరలించిరి. ఉద్యోగులకు పంపిన మోసపు ఈమెయిళ్ల ద్వారా వారు లోనికి వచ్చిరని పోలీసులు తేల్చిరి. రక్షణ నియమములను పాటింపనందుకు రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకునకు 65 లక్షల జరిమానా విధించెను. పెద్ద గోడలు గల బ్యాంకునకే ఈ గతి పట్టినచో మన చిన్న సంఘములు ఎంత జాగ్రత్తగా నుండవలెనో యోచింపుడు.

అందరికి నొకే పాస్‌వర్డు ఉండరాదు. ఎవరిది వారికే యుండవలెను. పాస్‌వర్డు తరువాత ఫోనులో రెండవ పరీక్ష గూడ అడుగునట్లు అమర్చవలెను. పని మానినవాని ప్రవేశమును ఆ దినమే తీసివేయవలెను. ఓటీపీని బ్యాంకు మేనేజరునని చెప్పువానికైనను చెప్పరాదు. పీఎం-కిసాన్ పేరిటనో, పెండ్లి పత్రిక పేరిటనో వాట్సాపులో వచ్చు "ఏపీకే" ఫైలును సంఘపు ఫోనులో తెరవనే తెరవరాదు.

4. విత్తనపు గాదె

వచ్చు ఏటి విత్తనమును తిండిగింజల గాదెలో కలుపము. అట్లే అంగడి లెక్కలకును, కొనువారి చిరునామాలకును ఒక నకలును వారమునకొకసారి తీసి, కంప్యూటరు నుండి విడదీసి వేరుచోట దాచవలెను. దొంగలు ఫైళ్లకు తాళము వేసి సొమ్మడిగిన నాడు ఆ నకలే మనలను కాపాడును. విత్తనమునకు మొలక పరీక్ష చేయునట్లే, నకలు తెరచుకొనుచున్నదో లేదో అప్పుడప్పుడు పరీక్షింపవలెను.

5. మోసము జరిగినచో

సిగ్గుపడి దాచుటయే రెండవ నష్టము. వెంటనే 1930కి ఫోను చేయవలెను, సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ నందు ఫిర్యాదు వ్రాయవలెను; బ్యాంకునకు తెలుపవలెను. సొమ్ము ఖాతా నుండి ఖాతాకు పరుగెత్తుచుండును గనుక, త్వరగా చెప్పిన మేరకు దానిని నిలుపు అవకాశము కలదు. ఇంతవరకు తొందర కూడదంటిని. ఇచ్చట మాత్రము తొందరయే కావలెను. వెబ్‌సైటు పైననే దాడి జరిగినచో, 2022 నాటి ఆదేశము ప్రకారము 6 గంటలలోపల సెర్ట్-ఇన్ అను కేంద్ర సంస్థకు తెలుపవలెను.

సంఘ సమావేశమున చర్చించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో సొమ్మును చూచువాడెవరు? సరకు నెత్తించువాడెవరు? ఇద్దరు నొకరేనా?
2. అంగడి పాస్‌వర్డు ఎందరికి తెలియును? వారిలో పని మానినవారు గలరా?
3. గుమాస్తా "ఆగుదాము" అన్నపుడు ఆగు పెద్దలు మన సంఘములో గలరా?

మూడవ ప్రశ్నకు మీ జవాబు నాటి నా జవాబు కంటె మేలైనదిగా నుండు గాక.