నాణెముపై సంవత్సరము

పాత నాణెములను సేకరించువారు మొదట చూచునది వానిపై నున్న సంవత్సరము. అది ఎల్లప్పుడును నిజమే పలుకునా? అమెరికా వెండి నాణెములలో మిక్కిలి పేరొందిన 1804 డాలరును చూడుడు.

ఆ సంవత్సరము 19,570 డాలర్లు ముద్రించినట్లు ఫిలడెల్ఫియా టంకశాల పద్దు చెప్పుచున్నది. కాని అవి పాత అచ్చులతో, వెనుకటి సంవత్సరముల అంకెలతోనే వెలువడినవి. మఱి 1804 అంకెగల డాలరు ఎక్కడిది?

1834లో సయాము రాజునకును, మస్కటు సుల్తానునకును తమ దేశపు నాణెములన్నియు పెట్టెలలో నుంచి కానుకగా పంప ప్రభుత్వము తలపెట్టెను. డాలరు ముద్రణ కడపట జరిగినది 1804లో గదా యని, టంకశాలవారు ఆ అంకెతోనే క్రొత్త అచ్చు చేసిరి. అట్టివి ఎనిమిది దొరకినవి.

ఆశ ఊరకుండునా? కొన్నేండ్లకు టంకశాలలోనే దొంగచాటుగా మఱికొన్ని పుట్టినవి. వానిలో నొకటి 1857 నాటి స్విట్జర్లాండు నాణెముపై ముద్రింపబడినది. క్రిందటి ముద్ర జాడలు నేటికిని కనబడును. 1804 నాటి దనుకొన్న నాణెము కడుపులో 1857! ఇంతకంటె సాక్ష్యమేల? అది స్మిత్సోనియను సంగ్రహమున నున్నది. అన్నియు కలిసి తెలిసినవి 16.

1962లో న్యూమన్, బ్రెసెట్ అను పరిశోధకులు ఈ వృత్తాంతమును గ్రంథముగా వెలువరించిరి. అయినను వెల తగ్గలేదు. సుల్తాను పేరిట ప్రసిద్ధమైన డాలరు 2021లో 76,80,000 డాలర్లకు అమ్ముడుపోయినది.