ముందు నాన్న నోటు, తర్వాత నీ ఫ్లాటు

తెనాలి,
శుక్రవారం

చి. చిన్నాకి,

నువ్వు వాట్సాప్‌లో పంపిన లెక్కల కాగితం చూశాను. ఫోన్‌లో చెబితే సగం నువ్వు వినవు, మిగతా సగంలో నీకు ఆఫీసు కాల్ వస్తుంది. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు, కోడలికి కూడా చూపించు.

బాచుపల్లి వైపు 70 లక్షల ఫ్లాటు, వచ్చే ఉగాదికి గృహప్రవేశం. చేతిలో 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, నెలకి 15,000 రికరింగ్ డిపాజిట్, 10,000 చీటీ. అప్పుల వైపు క్రెడిట్ కార్డు మీద 1,40,000, పెళ్లికి తీసిన పర్సనల్ లోన్‌లో ఇంకా 3,85,000, బండి వాయిదా. కూడికలన్నీ సరిపోయాయి. కానీ మీ నాన్న గుండె ఆపరేషన్‌కి ఊళ్లో నోటు రాసి తెచ్చిన 3 లక్షలు ఏవిరా? ఎంత వెతికినా నీ కాగితంలో కనపడలేదు.

సంతకం నాన్నది కాబట్టి అది నాన్న అప్పు అనుకున్నావేమో. నీ సిబిల్ రిపోర్టులో రాదు, నిజమే. బ్యాంకువాళ్లూ అడగరు. కానీ అది రెండు రూపాయల వడ్డీ. నెలకి 6,000, ఏడాదికి 72,000. కౌలు డబ్బులు రాగానే ఆయన ముందు అక్కడికి వెళ్లి కట్టి, మిగిలింది ఇంటికి తెస్తున్నారు. మందులకి మీ అమ్మ పోపుల డబ్బా వెతుక్కుంటోంది. నాన్న 24 శాతం వడ్డీ కడుతుంటే, ఏడు శాతం అటూఇటూ వచ్చే డిపాజిట్ పెరుగుతోందని నువ్వు సంబరపడుతున్నావు. మీ ఇద్దరిదీ ఒకే కుటుంబం అనుకుంటే ఈ రెండు అంకెలూ ఒకే కాగితం మీద ఉండాలి.

ఊరి నోటు సంగతి నీకు తెలియదు గనక చెబుతాను. మూడేళ్లు దాటితే ప్రామిసరీ నోటుకి కాలదోషం పడుతుంది. అందుకని గడువు దగ్గర పడుతుండగానే అప్పిచ్చినవాళ్లు నోటు తిరగరాయించుకుంటారు. బాకీ పడ్డ వడ్డీ అప్పుడు అసల్లో కలిసిపోతుంది. 3 లక్షలకి రెండు రూపాయల చొప్పున మూడేళ్ల వడ్డీ 2,16,000. పైసా కట్టనివాడు కొత్త నోటు 5,16,000కి రాసివ్వాలి, ఆ రోజు నుంచి వడ్డీ ఆ మొత్తం మీద నడుస్తుంది. మీ నాన్న కడుతున్నారు కాబట్టి అంతదాకా రాదు. కానీ కట్టినప్పుడల్లా నోటు వెనక చెల్లు రాయిస్తున్నారా అన్నదే నా అనుమానం. మొహమాటం మనిషి. తెలిసినవాళ్లే కదా అని డబ్బు చేతిలో పెట్టి, కాఫీ తాగి వచ్చేసే రకం. చెల్లు పడని డబ్బు కట్టినట్టు రుజువేముంటుంది?

ఇక నీ కార్డు. బిల్లు కింద కనీస చెల్లింపు 7,000 అని కనపడగానే అది కట్టేసి ఊపిరి పీల్చుకుంటున్నావు. ఆ 7,000 ఎటు పోతోందో చూడు. నీ బిల్లులో వడ్డీ రేటు నెలకి మూడున్నర శాతం అని ఉంది. 1,40,000 మీద 4,900. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, 882. అసల్లో తగ్గింది 1,218 రూపాయలు. పైగా పాత బాకీ నిలబడి ఉన్నంత కాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు దొరకదు. పెట్రోలు పోయించిన రోజు నుంచే దాని మీదా వడ్డీ పడుతుంది. మన ఊరి లెక్కలో చెప్పాలంటే ఇది మూడున్నర రూపాయల వడ్డీ. ఊళ్లో ఎవరైనా నాన్నని మూడున్నర రూపాయలు అడిగితే నువ్వే బస్సెక్కి వచ్చి పోట్లాడేవాడివి. అదే వడ్డీ తళతళలాడే కార్డు మీద అడిగితే రివార్డు పాయింట్లు లెక్కపెట్టుకుంటున్నావు.

కాబట్టి ఆ డిపాజిట్ తీసెయ్. గడువుకి ముందు తీస్తే వడ్డీలో కొంత కోస్తారు, కోయనీ. 1,40,000 కార్డుకి ఒకేసారి కట్టు. తర్వాతి బిల్లులో చివరి రోజుల వడ్డీ కొద్దిగా వస్తుంది, కంగారు పడకుండా అదీ కట్టెయ్. మధ్యలో సెటిల్‌మెంట్ చేసుకుందాం, సగం కడితే చాలు అని ఎవరైనా ఫోన్ చేస్తే సరే అనకు. రిపోర్టులో సెటిల్డ్ అన్న ముద్ర పడితే రేపు ఇంటి లోన్ అడిగినప్పుడు ఆ ముద్రే ముందు కనపడుతుంది. కార్డు మూసెయ్యక్కర్లేదు, బీరువాలో పెట్టు.

మిగిలేవి 2,60,000. అందులో లక్ష ముట్టుకోకు. నాన్నకి ఆపరేషన్ అయిన గుండె. చేతిలో ఏమీ లేకపోతే ఇంకో అర్ధరాత్రి మళ్లీ అదే గడప తొక్కాలి. మీ కంపెనీ ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రుల్ని చేర్చే వీలుందేమో కూడా కనుక్కో. తక్కిన 1,60,000 నోటుకి కట్టు. ఇంకా 1,40,000 ఉంటుంది. రికరింగ్‌కి వేసే 15,000, కార్డుకి పోతున్న 7,000 కలిపి నెలకి 22,000 కడితే వడ్డీతో సహా ఏడు నెలల్లో తీరిపోతుంది.

ఇంకో దారి ఉంది. బ్యాంకులో బంగారం మీద లోన్ తీసుకుంటే వడ్డీ రూపాయి కన్నా తక్కువే పడుతుంది. ఆ 1,40,000 అలా తెచ్చి నోటు ఒకేసారి తీర్చేసి, బ్యాంకుకి నెలనెలా కట్టుకోవచ్చు. గొలుసులు బీరువాలో, రెండు రూపాయల వడ్డీ ఊళ్లో అన్న పద్ధతి మన ఇళ్లలో తాతల నాటి నుంచీ ఉంది, నాకు ఎప్పుడూ నచ్చలేదు. అయితే ఆ బంగారం కోడలిది. అడగాల్సింది ఆ పిల్లని, వాళ్ల అమ్మానాన్నల్ని కాదు, మీ అమ్మని అసలే కాదు. ఇష్టం లేదంటే మాట పొడిగించకు, ఏడు నెలల దారి ఉండనే ఉంది.

బండి వాయిదా 3,400 ఏడాది లోపే అయిపోతుంది, దాని జోలికి పోకు.

పర్సనల్ లోన్ దగ్గర కొంచెం ఆగాలి. ఇది 14 శాతమే కదా, వాయిదా 11,634 సక్రమంగా పోతోంది కదా, దీన్ని అలా నడవనిచ్చి ఇంటి లోన్ తీసుకుంటాను అని రాశావు. బ్యాంకులో లోన్ల సీట్లో కూర్చున్నదాన్ని కాబట్టి బల్లకి అటువైపు నుంచి ఎలా కనపడుతుందో చెబుతాను. మీ ఇద్దరి చేతికొచ్చే జీతం 1,20,000. అన్ని వాయిదాలూ కలిపి అందులో సగం దాటకూడదు అన్నది ఇంచుమించు బ్యాంకుల లెక్క. అంటే 60,000. 8 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల లోన్ అయితే లక్షకి 836 రూపాయల వాయిదా. ఆ 60,000 ఖాళీగా ఉంటే 70 లక్షల దాకా లోన్ దొరుకుతుంది. ఇప్పుడు అందులోంచి పర్సనల్ లోన్ 11,634, బండి 3,400, కార్డు 7,000 తీసెయ్. మిగిలిన 38,000కి వచ్చేది 45 లక్షలు. ఒక్క పర్సనల్ లోన్ వాయిదానే నీ ఇంటి లోన్‌ని దాదాపు 14 లక్షలు కిందికి లాగుతోంది. బాకీ చూస్తే 4 లక్షలు కూడా లేదు.

అందుకని నోటు తీరిన మర్నాటి నుంచే దీని మీద పడు. ఫిక్స్‌డ్ రేటు లోన్ గనక ముందుగా మూసేస్తే చార్జీ ఉండొచ్చు. ఎంతో శాంక్షన్ లెటర్‌లో ఉంటుంది, వెతుకు. కొన్ని చోట్ల కొంచెం కొంచెంగా తీసుకోరు, మొత్తం ఒకేసారి కట్టమంటారు. అలాగైతే 22,000, బండి వాయిదా మిగిలాక అదీ కలిపి రికరింగ్‌లో వేసుకుంటూ పో. పది, పదకొండు నెలల్లో ఆ డబ్బూ, తరిగిన బాకీ దగ్గరకొస్తాయి. మూసేశాక నో డ్యూస్ లెటర్ తీసుకుని, తర్వాత రిపోర్టులో క్లోజ్డ్ అని పడిందో లేదో చూసుకో. ఏడాదికొకసారి ప్రతి క్రెడిట్ బ్యూరో రిపోర్టు ఉచితంగా ఇవ్వాల్సిందే, డబ్బు కట్టి చూడక్కర్లేదు.

మొత్తం కలిపితే ఏడాదిన్నర. వచ్చే ఉగాది కాదు. నీ మొహం ముడుచుకోవడం ఇక్కణ్ణుంచే కనపడుతోంది.

అయినా ఉగాదికి ఎలా కొందామనుకున్నావో నాకు అర్థం కాలేదు. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు లోన్ అయితే ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. 70 లక్షల ఫ్లాటుకి 56 లక్షలు. మిగతా 14 లక్షలు నీ చేతివి. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలపరు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం, 5,25,000. కట్టడం పూర్తికాని ఫ్లాటు అయితే 5 శాతం జీఎస్టీ, ఇంకో మూడున్నర లక్షలు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే అది ఉండదు. ఆపైన కప్‌బోర్డులు, పార్కింగ్, కార్పస్ ఫండ్. 20 లక్షలు లేకుండా ఆ గుమ్మం ఎక్కలేవు, నీ దగ్గర ఉన్నవి 4.

దానికి నువ్వు కనిపెట్టిన ఉపాయం, డౌన్ పేమెంట్ కోసం ఇంకో పర్సనల్ లోన్. ఆ వాక్యం చదివి మీ పెదనాన్నకి వినిపించాను. ఆయన ఏమన్నారో ఇక్కడ రాయను.

నెలకి 24,000 అద్దె దండగ అన్నావు. ఈ మాట హైదరాబాదులో ప్రతి బ్రోకరూ అంటాడు. 56 లక్షల లోన్‌కి వాయిదా 46,800. మొదటి నెల అందులో వడ్డీ ఎంతో చేసి చూశావా? 37,333. అసల్లోకి వెళ్లేది తొమ్మిదిన్నర వేలు. అద్దె దండగైతే ఈ వడ్డీ ఏమిటి? ఇల్లు వద్దనడం లేదు. సొంత ఇల్లు ఉండాలనే నా మనసులోనూ ఉంది. అద్దె మిగల్చడానికి కొంటున్నాను అని మాత్రం నిన్ను నువ్వు మభ్యపెట్టుకోకు. టాక్సు కలిసొస్తుంది అన్నదీ అంతే. నువ్వు కొత్త పన్ను విధానంలో ఉన్నావు. సొంతంగా ఉండే ఇంటి లోన్ వడ్డీకి అందులో మినహాయింపు లేదు.

చీటీ ఆపకు. రిజిస్టర్డ్ చీటీయే కాబట్టి భయం తక్కువ. కానీ తొందరపడి పాడకు. మొదట్లో అవసరం ఉన్నవాళ్లు ఎగబడి ఎక్కువ పోగొట్టుకుని పాడతారు, వాళ్లు పోగొట్టుకున్నదే నీకు డివిడెండ్‌గా వస్తోంది. చివరిదాకా ఉంటే దాదాపు 5 లక్షలు చేతికొస్తాయి. అప్పులు తీరాక నెలకి 37,000 పక్కన పెట్టగలవు. మూడేళ్లలో అవే 13 లక్షలు దాటతాయి. ఈ రెండూ కలిస్తే డౌన్ పేమెంటూ, రిజిస్ట్రేషనూ చాలా వరకు వెళ్లిపోతాయి. ఆ లోపు జీతాలూ పెరగకుండా ఉండవు. ఫ్లాట్ల ధరలూ పెరుగుతాయి అంటావు. పెరగనీ. అప్పుడు ఇంకాస్త చిన్నది చూసుకుందువు.

మీ ఆఫీసులో ఎవరో చెప్పిన ప్రీ లాంచ్ బేరం గురించి కూడా రాశావు. చదరపు అడుగు సగం ధరకే, కానీ డబ్బంతా ముందే కట్టాలి, రెరా నంబరు తర్వాత వస్తుంది. ఇది వద్దు. రెరా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాజెక్టు అమ్మడమే చట్టవిరుద్ధం. రిజిస్ట్రేషన్ ఉన్నా, అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. చట్టం ఇంత స్పష్టంగా ఉంటే నీకెందుకు సగం ధరకి ఇస్తున్నాడు? బ్యాంకుల దగ్గర అప్పు పుట్టని బిల్డరు నీలాంటివాళ్ల దగ్గర వడ్డీ లేకుండా అప్పు తెచ్చుకుంటున్నాడు, అంతే. పునాది కూడా లేవని ఫ్లాట్లకి డబ్బంతా కట్టి ఏళ్ల తరబడి తిరుగుతున్నవాళ్లని నేను చూశాను. వాళ్లలో ఎక్కువమంది చదువుకున్నవాళ్లే.

ఈ ఆదివారం ఇద్దరూ ఇటు రండి. భోజనం చేసి నాన్నని తీసుకుని ఊళ్లోకి వెళదాం, నేనూ వస్తాను. ఆ 1,60,000 అప్పిచ్చినాయన చేతికివ్వకు, ఆయన అకౌంట్‌లో వెయ్యి. నోటు బయటికి తీయించి, వెనక తేదీ వేసి, ఇంత ముట్టింది అని ఆయన చేతనే రాయించి సంతకం పెట్టించాలి. పాత చెల్లులు పడ్డాయో లేదో అక్కడే తేలుతుంది. పడకపోతే మాట్లాడేది నేను, మీ నాన్నకి వదిలెయ్యకు. ఈ లోపు నోటు ఏ తేదీన రాశారో నాన్నని అడిగి నాకు ఫోన్ చెయ్యి. మూడేళ్లకి ఇంకా ఎన్ని నెలలు ఉన్నాయో ముందే తెలియాలి.

మీ పెద్దమ్మ