డేటా కార్డు సీడీలా కనిపిస్తోందా?

ప్రశ్న: ఉబుంటు ల్యాప్‌టాప్‌కి పాత హువావే 3జీ డేటా కార్డు పెడితే సీడీ బొమ్మ వస్తోంది తప్ప నెట్ రావడం లేదు. కార్డు పాడైందంటారా?

జవాబు: పాడవలేదండీ. విండోస్ సాఫ్ట్‌వేర్ కార్డులోనే పెట్టి అమ్మేవారు. అందుకే పెట్టగానే ముందు సీడీ డ్రైవ్‌లా కనిపిస్తుంది. దాన్ని మోడెమ్‌గా మార్చేది ‘యూఎస్‌బీ-మోడ్‌స్విచ్’ ప్యాకేజీ. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి, టెథరింగ్‌తో నెట్ తెచ్చుకుని ఆ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయండి. కార్డు తీసి మళ్లీ పెట్టి, టెర్మినల్‌లో ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’ కొట్టండి, అన్నీ ఇంగ్లిష్ చిన్నక్షరాలే. చాలా హువావే కార్డులకు మొదట ఐడీ 12డి1:1446 అని ఉంటుంది. ఆ 1446 మారిందంటే పని అయినట్టే. ఆపై నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ చేర్చి, బీఎస్ఎన్ఎల్ సిమ్ అయితే ఏపీఎన్ ‘బీఎస్ఎన్ఎల్‌నెట్’ అని ఇవ్వండి. జియో సిమ్ మాత్రం కొనకండి, వాళ్లకు 3జీ లేనే లేదు.