మనంతట మనమే మానేస్తే నిరుద్యోగ భృతి వస్తుందా?

కాలిఫోర్నియాలో పనిచేసే తెలుగువారి కోసం

రాజీనామా ఇచ్చాను. ఇక ఆశ వదులుకోవాల్సిందేనా?
అక్కర్లేదు. భృతి ఇచ్చే శాఖ ఈడీడీ ముందుగా చూసేది మీరు మానేసిన కారణాన్ని. ఉద్యోగం నిలుపుకోవాలనుకునేవారు కూడా మానక తప్పని పరిస్థితి అయితే అర్హత ఉంటుంది. విసుగొచ్చి మానేస్తే ఉండదు. అప్పుడు మళ్లీ పనిలో చేరి, వారపు భృతికి కనీసం 5 రెట్లు సంపాదించాలి.

ఎలాంటి కారణాలు చెల్లుతాయి?
రోజూ వెళ్లిరాలేనంత దూరానికి జీవిత భాగస్వామితో కలిసి మారడం, గృహహింస నుంచి తనను, పిల్లలను కాపాడుకోవడం వంటివి చట్టంలోనే ఉన్నాయి. పని వల్ల ఆరోగ్యం దెబ్బతినడం, జీతం సరిగా ఇవ్వకపోవడం వంటివాటిని పూర్వాపరాలు చూసి తేలుస్తారు.

‘నువ్వే రాజీనామా ఇవ్వు, లేదంటే తీసేస్తాం’ అన్నారు.
సాధారణంగా దాన్ని యజమాని తీసేసినట్టే లెక్కిస్తారు. దరఖాస్తులో ఆ మాట ఉన్నదున్నట్టు రాయండి.

మానేముందు ఏం చేయాలి?
ఉద్యోగం నిలుపుకోవడానికి ప్రయత్నించండి. రాత్రి షిఫ్టు పడక నడుం పట్టేసిందనుకోండి. డాక్టరు చీటీ జతచేసి, పగటి షిఫ్టు అడుగుతూ మేనేజరుకు ఈమెయిల్ పెట్టండి. వచ్చిన జవాబు దాచుకోండి. రాజీనామాలో ‘వ్యక్తిగత కారణాలు’ అని రాసి ఊరుకోవద్దు, రేపు మీ తరఫున మాట్లాడేది ఆ కాగితమే.

వీసా అడ్డమా?
ఇక్కడ పనిచేసే అనుమతి ఉండి, కొత్త పనిలో చేరడానికి సిద్ధంగా ఉండాలి. గ్రీన్‌కార్డు, హెచ్4 ఈఏడీ ఉన్నవారికి ఆ వెసులుబాటు ఉంది. హెచ్1బీ అనుమతి ఒక్క యజమానికే ముడిపడి ఉంటుంది కాబట్టి వారికి కష్టం.

ఎంత వస్తుంది?
పాత సంపాదనను బట్టి వారానికి 40 నుంచి 450 డాలర్లు, మామూలుగా 26 వారాలు మించకుండా. పని వెతుకుతూ, రెండు వారాలకోసారి ఆ వివరాలు తెలపాలి.

తిరస్కరిస్తే?
నోటీసు పోస్టు చేసిన తేదీ నుంచి 30 రోజుల్లో అప్పీలు చేయండి. విచారణలో దుబాసీని ఉచితంగా ఇస్తారు, తెలుగులోనే చెప్పుకోవచ్చు. తీర్పు వచ్చేదాకా రెండు వారాల వివరాలు పంపడం మాత్రం ఆపకండి. గెలిచినా, పంపని వారాలకు డబ్బు చేతికి రాకుండా పోవచ్చు.