సెల్లార్‌లో గాలి ఎవరి కోసం?

మాలో కొందరి తల్లిదండ్రులు హైదరాబాద్ అపార్టుమెంట్లలో వాచ్‌మన్లుగా ఉంటున్నారు. వారి గది సెల్లార్‌లో, కార్ల పక్కనే. సెలవుల్లో మేము పడుకున్నదీ, చదువుకున్నదీ అక్కడే. ఉదయం కార్లన్నీ ఒకేసారి స్టార్ట్ అయితే తల బరువెక్కేది. నిద్ర చాలలేదనుకునేవాళ్ళం. సైన్సు చదివాక మరో అనుమానం కలిగింది. అందుకే ఈ వ్యాసం.

కంటికి కనబడని వాయువు

ఇంధనం పూర్తిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దీనికి రంగు, వాసన లేవు. హిమోగ్లోబిన్‌తో ఇది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా కలుస్తుంది. దాంతో శరీరానికి ఆక్సిజన్ అందదు. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం దీని లక్షణాలు. మోతాదు ఎక్కువైతే ప్రాణమే పోతుంది. దీని అణుభారం 28, గాలి సగటు 29. కాబట్టి ఇది నేలమీద పేరుకోదు, గదంతా కలిసిపోతుంది.

ప్రమాణాలు ఏమంటున్నాయి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇండ్ల లోపలి గాలికి పరిమితులు చెప్పింది. ఘనపు మీటరు గాలిలో ఈ వాయువు 15 నిమిషాలకైతే 100 మిల్లీగ్రాములు, గంటకు 35, ఎనిమిది గంటలకు 10 మించరాదు. అంటే ఎంతసేపు పీలుస్తామన్నదే ముఖ్యం. కారు యజమాని అక్కడ ఐదు నిమిషాలుంటాడు. వాచ్‌మన్ రాత్రింబవళ్ళు ఉంటాడు.

మన జాతీయ భవన నిర్మాణ స్మృతి (2016) ప్రకారం బేస్‌మెంట్ పార్కింగ్‌లో గాలి గంటకు 6 సార్లు, అగ్నిప్రమాద సమయంలో 12 సార్లు మారాలి. ఒక లెక్క చేద్దాం. సెల్లార్ 30 మీటర్ల పొడవు, 20 వెడల్పు, 3 ఎత్తు అనుకుంటే ఘనపరిమాణం 1,800 ఘనపు మీటర్లు. గంటకు 6 సార్లంటే 10,800. అంటే సెకనుకు 3 ఘనపు మీటర్ల గాలిని ఫ్యాన్లు బయటికి పంపాలి.

హరిత భవనాల సంగతి

2004లో హైదరాబాద్‌లో ప్రారంభమైన సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ మన దేశ హరిత భవనాలకు దారి చూపింది. అమెరికా లీడ్ పద్ధతిలో మంచి గాలికి పాయింట్లున్నాయి. పార్కింగ్ గాలి పైకి పోకుండా తలుపులు వాటంతటవే మూసుకోవాలి, లోపలి గాలిని బయటికి లాగాలి. మంచిదే. కానీ ఇది ముఖ్యంగా పై అంతస్తుల వారికి రక్ష. కింద ఉన్నవారి మాటేమిటి?

కరెంటు ఖర్చని ఫ్యాన్లు ఆపేస్తుంటారు. ఫ్యాన్ వేగం సగమైతే విద్యుత్తు సుమారు ఎనిమిదో వంతే చాలు. వాయువును కొలిచే సెన్సార్ పెట్టి, అవసరాన్ని బట్టి వేగం మారిస్తే ఖర్చూ తగ్గుతుంది, ప్రాణమూ నిలుస్తుంది.

మనం చేయగలిగినవి

1. సెల్లార్‌లో ఇంజన్ ఊరికే ఆన్‌లో ఉంచరాదు. జనరేటర్ నడపరాదు.
2. వాచ్‌మన్ గదికి ఆరుబయటికి తెరుచుకునే కిటికీ ఉండాలి.
3. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వస్తే వెంటనే ఆరుబయటికి రావాలి, డాక్టరుకు చెప్పాలి.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మీలో రేపు ఇంజనీర్లు అయ్యేవారున్నారు. ప్లాను గీసేటప్పుడు సెల్లార్‌లో కార్లనే కాదు, అక్కడ నిద్రపోయే మనిషిని కూడా లెక్కించండి. ఆ మనిషి మన నాన్నే కావచ్చు.